మీ చాదస్తం ఎవరి కోసం?

పన్నెండు గంటలకు ప్రెస్సుకు వెళ్లాల్సిన పేజీ పన్నెండూ ఇరవైకి వెళ్లింది. ఆ ఇరవై నిమిషాలూ నేను చేసిందల్లా ఒక శీర్షికలో రెండు మాటలు అటూ ఇటూ మార్చడం. తీరా చివరికి మొదట పెట్టిన శీర్షికే ఉంచాను. పార్సిల్ వ్యాను ఆలస్యమై రెండు మండలాలకు పేపరు బారెడు పొద్దెక్కాక చేరింది. మర్నాడు సంజాయిషీ అడిగితే, నాణ్యత విషయంలో రాజీపడలేనని రాసిచ్చాను. రాస్తూ కొంచెం గర్వపడ్డాను కూడా.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అక్కడ నాణ్యత గొడవేమీ లేదు. అంతకు ముందువారం నా పేజీలో ఒక అంకె తప్పు పడితే, మీటింగులో నలుగురి ముందు నా పేరు చదివారు. మళ్లీ చదువుతారేమోనన్న భయమే ఆ రాత్రి నా చేత కీబోర్డు కొట్టించింది. చూసేవాళ్లకు మాత్రం అది పట్టుదలలాగే కనిపించింది. నాకూ అలాగే కనిపించింది.

'నేను పర్ఫెక్షనిస్టుని' అనే మాట ఉద్యోగాల్లో తెగ చెలామణి అవుతోంది. ఇంటర్వ్యూలో బలహీనత ఏమిటని అడిగితే సగంమంది చెప్పే జవాబు ఇదే. బలహీనత పేరుతో గొప్ప చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు మరి. అయితే మన ఇళ్లల్లో ఈ ఒక్క మాటకు ఎప్పటినుంచో మూడు మాటలున్నాయి. తుడిచిన ఇల్లే మళ్లీ తుడుచుకునే అత్తయ్యది చాదస్తం. కోడలు తుడిచిన ఇల్లు మళ్లీ తుడిపించే అత్తయ్యది సతాయింపు. చుట్టాలొస్తే ఏమనుకుంటారోనని అర్ధరాత్రి దాకా తుడిచే ఆవిడది నలుగురి భయం. చీపురు ఒకటే, ఊడ్చే కారణాలు వేరు.

మనస్తత్వ శాస్త్రం ఈ తేడాకు కొలత కట్టడానికి కొంత కాలం పట్టింది. 1980లో అమెరికా వైద్యుడు డేవిడ్ బర్న్స్ పది ప్రశ్నల చిన్న కొలత ఒకటి ఇచ్చాడు. జవాబులన్నీ కలిపితే ఒక్క అంకె వచ్చేది. జ్వరం చూసినట్టు ఎక్కువా తక్కువా అని చెప్పేదే తప్ప, జ్వరం దేనివల్లో చెప్పేది కాదు. 1990లో స్మిత్ కాలేజీకి చెందిన రాండీ ఫ్రాస్ట్, సహచరులు 35 ప్రశ్నలతో ఆరు విభాగాల కొలత తెచ్చారు: తప్పుల గురించిన బెంగ, సొంత ప్రమాణాలు, తల్లిదండ్రుల ఆశలు, వాళ్ల విమర్శ, చేసిన పని మీద అనుమానం, పొందిక. మరుసటి ఏడాది కెనడాలో పాల్ హ్యూవిట్, గోర్డన్ ఫ్లెట్ 45 ప్రశ్నల కొలత ప్రచురించారు. అందులో 15 ప్రశ్నలు మన మీద మనం పెట్టుకునే పట్టింపు గురించి, 15 ఎదుటివాళ్ల మీద పెట్టేదాని గురించి, 15 లోకం మన మీద పెట్టిందని మనం నమ్మేదాని గురించి. అంటే సరిగ్గా పైన చెప్పిన చాదస్తం, సతాయింపు, నలుగురి భయం.

ఫ్రాస్ట్ కొలతలో పొందికకు సంబంధించిన ఆరు ప్రశ్నలను మొత్తం మార్కుల్లో సాధారణంగా కలపరు. బల్ల సర్దుకోవడం, ఫైళ్లకు రంగు చీటీలు అంటించడం జబ్బు కాదన్నమాట. మీ ఇంట్లోవాళ్లకు చెప్పుకోవచ్చు. తల్లిదండ్రుల విభాగాల గురించయితే, ర్యాంకుల హోర్డింగుల కింద ఇంటర్ చదివిన మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ముప్పై అయిదేళ్లొచ్చాక ఆఫీసులో కూర్చుని నాన్న మీద కోపం తెచ్చుకుంటే పని తెమలదు.

మొత్తం మార్కులు ఎందుకు మోసం చేస్తాయో ఒక లెక్క వేసి చూద్దాం. ఫ్రాస్ట్ కొలతలో సొంత ప్రమాణాలకు 7 ప్రశ్నలు, తప్పుల బెంగకు 9. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఒకామెకు ప్రమాణాల్లో 32, బెంగలో 15 వచ్చాయనుకోండి. ఇంకొకతనికి ప్రమాణాల్లో 12, బెంగలో 35. కూడితే ఇద్దరికీ 47. మొదటామె కష్టమైన పని అడిగి తీసుకుంటుంది, తప్పొస్తే దిద్దుకుని భోజనానికి వెళ్తుంది. రెండో అతను పెద్ద లక్ష్యాలేమీ పెట్టుకోడు గానీ, మెయిల్ పంపాక దాన్నే మళ్లీ తెరిచి నాలుగుసార్లు చదువుకుంటాడు. 'కాస్త తగ్గించుకోండి' అని ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఆమె ఉత్సాహం చల్లారుతుంది, అతనికేమో తగ్గించుకోవడానికి ఏమీ కనిపించదు.

మరి ఈ గుణం ఉద్యోగానికి పనికొస్తుందా? ఉద్యోగుల మీద జరిగిన 95 అధ్యయనాలను కలిపి 2018లో ఒక విశ్లేషణ వెలువడింది. మేలైన పని కోసం తపన ఒక రకం, ఓటమి తప్పించుకోవాలన్న తాపత్రయం ఇంకో రకం అని అందులో విడదీశారు. పనిలో లీనమవడం మొదటి రకంలో ఎక్కువ. అలసట, ఒత్తిడి, ఆందోళన రెండో రకం వెంట ఎక్కువగా నడుస్తాయి. అసలు విశేషం మాత్రం పనితీరు గురించి తేలినది. రెండు రకాల్లో దేనికీ పనితీరుతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. రాత్రి తొమ్మిదింటికి స్లయిడ్లలో అక్షరాల సైజు సరిచేస్తున్నవారు ఈ వాక్యం మళ్లీ ఒకసారి చదువుకోండి.

మీది చాదస్తమో, సతాయింపో, నలుగురి భయమో తెలుసుకోవడానికి 45 ప్రశ్నలు దొరకబుచ్చుకోనక్కర్లేదు. పది పనిదినాలు ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. పూర్తయిన పనిని పంపకుండా ఆపినప్పుడల్లా, చేసిందే మళ్లీ చేసినప్పుడల్లా, ఇంకొకరి పని వెనక్కి తిప్పినప్పుడల్లా ఒక లైను రాయండి. ఏం మార్చాను, ఇలా ఉండాలని చెప్పిందెవరు, మార్చకపోతే ఏమవుతుందనుకున్నాను: ఈ మూడు చాలు. ముఖ్యం మధ్యది. 'మేనేజర్ గారు' అని రాసుకుంటే, ఆయన ఆ మాట నోటితో అన్నారా, అన్నారని మీరనుకున్నారా అన్నది పక్కన రాయండి. నేనిలా రాసుకున్న రోజుల్లో 'అన్నారు' అనేవి పదింట రెండే తేలాయి.

అనుకున్నవే ఎక్కువగా తేలితే మీది నలుగురి భయం. దీనికి విరుగుడు మన ఆఫీసుల్లో అందరూ మొహమాటపడే పనే: నేరుగా అడగడం. పని చేతికి తీసుకునేటప్పుడే, "సార్, ఇది మనలో మనం చూసుకునే చిత్తుప్రతా, క్లయింటుకు వెళ్లేదా? ఎంతవరకు చేస్తే సరిపోతుంది?" అనండి. చేతగానివాడనుకుంటారని భయపడకండి. పదిమంది కింద పనిచేసి, పదిమందితో పనిచేయించిన అనుభవంతో చెబుతున్నాను, ఆ ప్రశ్న అడిగినవాళ్లే పై అధికారికి సుఖం. ఈ రకం పెరుగుతున్న సూచనలూ ఉన్నాయి. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 1989 నుంచి 2016 దాకా 41 వేలకు పైగా కాలేజీ విద్యార్థుల జవాబులను థామస్ కరన్, ఆండ్రూ హిల్ పోల్చి చూశారు. హ్యూవిట్, ఫ్లెట్ చెప్పిన మూడు రకాలూ పెరిగాయి, అందులో అన్నిటికంటే ఎక్కువ పెరిగింది లోకం మన మీద మోపిందనుకునే ఈ రకమే. ఆ విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు ఉద్యోగులు. ఆ దేశాల్లోని మన పిల్లలకు వాళ్లే సహోద్యోగులు, మేనేజర్లూ.

నోటుబుక్కులో ఇతరుల పని తిప్పిపంపిన లైన్లే ఎక్కువుంటే జాగ్రత్త. మిగతా రెంటిలో నొప్పి మనకు తెలుస్తుంది, ఇందులో పక్కవాడికి తెలుస్తుంది. ఇన్‌ఛార్జి అయిన కొత్తలో నేను ఒక కుర్ర సబ్ ఎడిటర్ కాపీలు మొత్తం తిరగరాసేవాణ్ణి. "ఉండు నాన్నా, నేను చూస్తాలే" అనేవాణ్ణి, ప్రేమగానే. రెండు నెలలకు అతను మొదటి పేరా రాయడమే మానేసి, విలేకరి పంపింది పంపినట్టు నా ముందు పెట్టాడు. ఎటూ మీరు మారుస్తారు కదా సార్ అన్నాడు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: తప్పయితే గీత గీసి, ఎందుకు తప్పో రాసి వెనక్కి ఇస్తాను. నా పద్ధతికి భిన్నంగా ఉందంతే అనిపిస్తే ముట్టుకోను. ఇప్పటికీ చేతులు దురద పెడుతూనే ఉంటాయి.

ప్రమాణాలు మీరే పెట్టుకుని, మీరే కష్టపడుతున్నారా? అందులో తప్పేమీ లేదు, ఒక్క సంగతి చూసుకుంటే. 2001లో రాబర్ట్ స్లేనీ బృందం సవరించి తెచ్చిన 23 ప్రశ్నల కొలతలో ఉన్నత ప్రమాణాలకు ఏడు ప్రశ్నలే, పొందికకు నాలుగు. మిగతా పన్నెండూ 'లోటు' గురించి, అంటే కావాలనుకున్నదానికీ చేశాననుకుంటున్నదానికీ మధ్య మీకు తోచే ఖాళీ గురించి. ఉద్యోగులకు అన్నిటికంటే పనికొచ్చే కొలత ఇదేనని నా అభిప్రాయం. గీత ఎంత ఎత్తున గీశారన్నది పెద్ద విషయం కాదు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఎంత తక్కువపడ్డానని అనిపిస్తోందన్నదే చూడాలి. ఏడాదిగా ప్రతి సాయంత్రం అదే లోటు, అంతే లోతున కనిపిస్తోందంటే, మీ పని మెరుగుపడుతున్నకొద్దీ గీతను మీరే పైకి జరుపుతున్నారని అర్థం. ఆ గీత ఏమిటో పని మొదలుపెట్టే ముందే కాగితం మీద రాసి తేదీ వేయండి. పని మధ్యలో దాన్ని మార్చే హక్కు మీకు లేదు.

మందుల మోతాదు చూసేవారు, రైల్వే సిగ్నళ్ల దగ్గర ఉండేవారు, క్యాష్ కౌంటర్లో కూర్చునేవారు ఇదంతా చదివి తనిఖీలు తగ్గించుకోకండి. రెండుసార్లు చూడమని నిబంధన ఉంటే రెండుసార్లు చూడాల్సిందే. మూడోసారి, నాలుగోసారి చూడాలనిపిస్తేనే అది నిబంధన దాటి అనుమానంలోకి వెళ్లిందని గుర్తు.

హెచ్ఆర్ వాళ్లకూ ఒక మాట. ఈ కొలతలు పరిశోధన కోసం, చికిత్స కోసం పుట్టాయి. వీటిలో చాలావాటిని మొదట పరీక్షించింది ఉత్తర అమెరికా కాలేజీ విద్యార్థుల మీద. ఉద్యోగంలోకి తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి వీటిని వాడటం అన్యాయం. పైగా ఏ జవాబుకు ఉద్యోగం వస్తుందో రెండు ప్రశ్నలు చదివేసరికి ఎవరికైనా తెలిసిపోతుంది.

నోటుబుక్కు రాస్తున్నా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, చిన్న తప్పుకే బతకడం దేనికనిపిస్తే, ఇక అది సొంతంగా సరిచేసుకునే స్థాయి దాటినట్టు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఏం చెప్పాలో ముందు కాగితం మీద రాసుకుని, దిద్దుకుని, మళ్లీ రాసుకుంటూ కూర్చోకండి. ఎలా వస్తే అలా చెప్పండి.