మా సాహెబా మసీదు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారిలో హయత్‌నగర్ ఉంది. అది ఒక ఆడమనిషి పేరు మీద వెలసిన ఊరు. ఆమె హయాత్ బక్షీ బేగం.

చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షాకు ఆమె కూతురు. 1626లో భర్త చనిపోయాడు. కొడుకు అబ్దుల్లా గద్దె ఎక్కాడు. అప్పటికి అతను చిన్నవాడు. రాజ్యం పనులు తల్లే చూసుకుంది. జనం ఆమెను మా సాహెబా అన్నారు. అంటే అమ్మగారు.

హయత్‌నగర్‌లో ఆమె పేరున పెద్ద మసీదు ఉంది. ముందు వైపు అయిదు కమానులు. రెండు పక్కలా రెండు మినార్లు. రాయి, సున్నంతో కట్టారు. అప్పుడు సిమెంటు లేదు.

కమానుకు దూలం లేదు. మరి ఎట్లా నిలిచింది? రాళ్ళను వంపుగా పేర్చారు. ఒక రాయి ఇంకో రాయిని నొక్కి పడుతుంది. బరువు పక్క గోడల మీదికి దిగుతుంది.

మసీదు చుట్టూ వరసగా గదులు. అది సరాయి, అంటే బాటసారుల సత్రం. బందరు దారిన పోయేవారు ఇక్కడ ఆగేవారు. దగ్గరలోనే పెద్ద బావి. దాన్ని ఏనుగుల బావి అంటారు. నమాజుకు చోటు, నిద్రకు నీడ, దాహానికి నీళ్ళు. బిందె మోసే మనకు ఆ బావి విలువ తెలుసు.

ఇలాంటి పాత గోడల మీద కొందరు పేర్లు గీకుతారు. గచ్చు రాలిపోతుంది. మనం పేరు రాయడం నేర్చుకున్నాం. పలక మీద రాద్దాం. పాత గోడ మీద వద్దు. పిల్లలకూ చెబుదాం.

చెప్పండి, రాయండి
1. సరాయి అంటే ఏమిటి?
2. మీ ఊళ్ళో పాత గుడి, మసీదు, బావి ఉన్నాయా? ఎవరు కట్టించారు? పెద్దవాళ్ళను అడిగి రాయండి.