ఇన్‌వాల్యుబుల్: విలువలేనిదా, విలువ కట్టలేనిదా?

లెక్కల్లో మిమ్మల్ని గట్టెక్కించిన మాస్టారికి ఇంగ్లీషులో ఉత్తరం రాస్తున్నారనుకోండి. “మీ సలహా వెలలేనిది” అని మీ భావం. ‘వెల’కు ‘వాల్యూ’, ‘లేని’కి ‘లెస్’ అనుకొని, “యువర్ అడ్వైస్ వాజ్ వాల్యూలెస్” అని రాశారో, మాస్టారు నొచ్చుకుంటారు. ఆయన సలహా ఎందుకూ పనికిరాలేదని దాని అర్థం! అక్కడ రాయవలసిన మాట ‘ఇన్‌వాల్యుబుల్’.

ఈ మాట దగ్గర చాలామంది తడబడతారు. ‘కరెక్ట్’కు ‘ఇన్‌కరెక్ట్’ వ్యతిరేకపదం కదా, ‘వాల్యుబుల్’కు ‘ఇన్‌వాల్యుబుల్’ కూడా అంతే అనుకుంటారు. అది పొరపాటు. మాటను విడదీసి చూడండి. ఇందులో ‘వాల్యూ’ నామవాచకం కాదు, క్రియ. విలువ కట్టడం అని దాని అర్థం. ‘ఏబుల్’ అంటే వీలైనది. ‘ఇన్’ అంటే కాదు. మూడూ కలిస్తే విలువ కట్టడానికి వీలుకానిది, అంటే అంత గొప్పది అన్నమాట.

దీనికి తాళంచెవి మన తెలుగులోనే ఉంది. ‘అమూల్యం’లో మొదటి ‘అ’ లేదనే చెబుతుంది. అయినా అమూల్యమంటే పనికిరానిదని ఎవరూ అనుకోరు కదా! ఈ మూడూ గుర్తుంచుకోండి: విలువలేనిది వాల్యూలెస్, వెలలేనిది ప్రైస్‌లెస్, విలువ కట్టలేనిది ఇన్‌వాల్యుబుల్.

చివరి రెండింటికీ వాడుకలో కొంత తేడా ఉంది. అరుదైన వజ్రాలను, చిత్రాలను, పురాతన వస్తువులను ఎక్కువగా ప్రైస్‌లెస్ అంటారు. సాయం, సలహా, అనుభవం, సమాచారం వంటివి ఇన్‌వాల్యుబుల్. ఒక ఉదాహరణ చూద్దాం. 1799లో ఈజిప్టులోని రొసెట్టా దగ్గర ఫ్రెంచి సైనికులకు ఒక రాతిపలక దొరికింది. దానిమీద ఒకే శాసనం మూడు లిపులలో ఉంది. వాటిలో గ్రీకు పండితులకు తెలిసినదే. దాని ఆధారంతో ఈజిప్టు బొమ్మల లిపిని చదివే మార్గాన్ని షాంపోలియన్ 1822లో ప్రకటించాడు. ఆ రాయి ప్రైస్‌లెస్, అది చేసిన సాయం ఇన్‌వాల్యుబుల్.

ఇక ఒక హెచ్చరిక. పెట్రోలు వంటి ద్రవాల డబ్బాలమీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని కనిపిస్తే, మంట అంటుకోనిదని పొరబడకండి. సులువుగా భగ్గుమనేదని దాని అర్థం! అక్కడి ‘ఇన్’ లాటిన్ నుంచి వచ్చిన మరో ‘ఇన్’. దానికి ‘కాదు’ అనే అర్థమే లేదు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ‘ఫ్లేమబుల్’ అని మాత్రమే రాస్తున్నారు. మాట మొదలు చూసి తీర్పు చెప్పకండి. మాటంతా విప్పి చూడండి.