ముతక కోటు నేర్పిన ఏడు పాఠాలు

1974 జనవరిలో డెట్రాయిట్‌లో దిగాను. ఒంటి మీద బొంబాయిలో కొన్న మెరుపు కోటు. బస్సు కోసం పది నిమిషాలు నిలబడేసరికి వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఒక పెద్దాయన ఆ శనివారమే నన్ను పాత బట్టల దుకాణానికి తీసుకెళ్లి, ఎరుపు నలుపు గళ్ల ఉన్ని కోటు కొనిపించాడు. యాభై చలికాలాలు దాటాయి. చలిదేశాలకు కొత్తగా వచ్చే మన పిల్లల కోసం, ఆ కోటు వల్ల తెలుసుకున్నవి రాస్తున్నాను.

1. కోటు వేడి పుట్టించదు, మీ వేడిని కాస్తుంది

ఉన్ని పోగుల నడుమ చిక్కిన గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. పాలమూరు పల్లెలో మా నాయన గొంగడి కప్పుకుని రాత్రుళ్లు చేను కావలి కాసేవాడు. చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగడి మీంచి వాన చినుకులు జారిపోయేవి. పుట్టినప్పటి నుంచి ఎరిగిన సంగతే, పట్నం మెరుపు చూసి మరిచాను. ఆ దుకాణంలో ముతక ఉన్ని చేతికి తగలగానే నాయన గుర్తొచ్చాడు. బట్టను చేత్తో పట్టి చూశాకే కొనండి.

2. అది ఎవరి అవసరానికి పుట్టిందో తెలుసుకోండి

నా కోటు రకాన్ని మాకినా అంటారు. 1811 చలికాలంలో, మిషిగన్‌కు ఎగువనున్న సెయింట్ జోసెఫ్ దీవి కోటలో బ్రిటిష్ సైనికులకు పైకోట్లు కరువయ్యాయి. కెప్టెన్ చార్లెస్ రాబర్ట్స్ గిడ్డంగిలోని దళసరి దుప్పట్లతో కోట్లు కుట్టించమన్నాడు. సరుకులు చూసే జాన్ ఆస్కిన్ అక్కడి స్త్రీల చేత 40 కోట్లు కుట్టించాడు. లోతైన మంచులో కాళ్లకు అడ్డం పడుతున్నాయని తర్వాత పొడవు తగ్గించారు. ఆ పొట్టి కోటే కలప కొట్టేవాళ్ల ఒంటి మీదికి చేరింది. కష్టజీవుల కోసం కుట్టింది కాబట్టే నా దాకా నిలిచింది.

3. ప్రతి వింతకూ ఒక కారణం ఉంటుంది

మాకినా లాగే పనివాళ్ల కోసం పుట్టిన మరో ఉన్ని కోటు డఫుల్. దానికి గుండీల బదులు కొయ్యముక్కలు, తాడు ఉచ్చులు ఉంటాయి. చేతి తొడుగులు తీయకుండానే నావికులు వాటిని పెట్టుకోగలిగేవారు. దాని ఉన్నికి బెల్జియంలోని డఫెల్ పట్టణం పేరే వచ్చింది. కెనడాలోని క్లోండైక్‌కు బంగారం కోసం వెళ్లేవాళ్లకు 1897లో సియాటిల్‌లో దుకాణం తెరిచిన సి.సి. ఫిల్సన్, 1914లో క్రూయిజర్ కోటుకు పేటెంట్ తీసుకున్నాడు. దాని వీపున పెద్ద జేబు ఉంటుంది. అడవిలో కలప అంచనా వేసేవాళ్లు మ్యాపులు అందులో పెట్టుకునేవాళ్లు. సోకు కోసం పెట్టింది ఏదీ లేదు గనకే వందేళ్లయినా ఈ కోట్లు పాతబడలేదు.

4. బరువుంటేనే వెచ్చదనమని అనుకోవద్దు

సియాటిల్‌కే చెందిన ఎడ్డీ బాయర్ చేపల వేటకు వెళ్లి, తడిసిన ఉన్ని బట్టల్లో చలికి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఆ దెబ్బతోనే 1936లో పెద్దబాతు నూగుతో తేలికైన జాకెట్ తయారుచేశాడు. అయితే ఆ నూగు తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. ఉన్ని కొద్దిపాటి తేమను ఓర్చుకుంటుంది, పూర్తిగా నానితే అదీ మోయలేని బరువే. పొడిచలికి నూగు, చిత్తడికి ఉన్ని, కుండపోతకు పైన వానకోటు. ఇది నా లెక్క.

5. పాతది కొనేటప్పుడు ముందు భుజాలు చూడండి

గుండీలు మార్చుకోవచ్చు, లైనింగ్ కొత్తది వేయించుకోవచ్చు. భుజాలు కుదరకపోతే వదిలేయండి. లోపల స్వెటర్ ఉండగా తొడిగి చూడండి. చంకల కుట్లు, కాలరు మడత, మోచేతులు పరీక్షించండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పురుగు కొట్టిన చిల్లులు బయటపడతాయి. బట్ట గట్టిగా ఉంటే చిన్న మరకను పట్టించుకోవద్దు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోకూడదు.

6. మీరు కాపాడితేనే అది మిమ్మల్ని కాపాడుతుంది

ఒక ఏడాది తడిసిన కోటును హీటరు మీద ఆరేశాను. ఎడమ మోచేతి దగ్గర ఉన్ని పెళుసుబారి చిరిగింది. గాలి ఆడే చోట నెమ్మదిగా ఆరాలి. చెమట, జిడ్డు ఉన్న ఉన్నికి చిమటలు త్వరగా పడతాయి. ఎండాకాలం దాచేముందు శుభ్రం చేయించి, గాలి చొరని సంచిలో పెట్టండి. 1894లో ఇంగ్లండ్‌లోని సౌత్ షీల్డ్స్ రేవులో మొదలైన బార్బర్ కంపెనీ అమ్మే మైనపు కోట్ల పద్ధతి వేరు. వాటికి వేడినీళ్లు, సబ్బు తగలనివ్వద్దు. తడిగుడ్డతో తుడిచి, అరిగినచోట మళ్లీ మైనం పట్టించాలి.

7. కోటు మీ దగ్గరే ఆగిపోకూడదు

నేను కొన్నప్పటికే కుడి మోచేతి మీద నల్లదారంతో చేసిన రఫ్ఫు ఉంది. అదెవరి చేతిపనో తెలియదు, ఎన్నడూ విప్పలేదు. ఎడమ మోచేతి మీద రఫ్ఫు నాది. నిరుడు మనవడు చదువుకు మినెసోటా వెళ్తుంటే తొడిగి చూశాం. భుజాలు కుదిరాయి. జేబులు దులిపి, వదులైన గుండీ బిగించి, లోపలి జేబులో సూది, ఎర్రదారం ఉండ పెట్టి ఇచ్చాను. మూడో రఫ్ఫు వాడిది.