పుస్తకంలో నీళ్లు

చిరంజీవి బుజ్జికి,

మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి. నీ ఉత్తరం అందింది. మన ఇంటి పిల్లల్లో ఇంకా కాగితం మీద రాసి పోస్టులో వేసేదానివి నువ్వొక్కదానివే మిగిలావు. అందుకే నిన్ను తిట్టబుద్ధి కాదు. ఇవాళ మాత్రం తప్పేట్టు లేదు.

మూడో పేజీ అడుగున రాశావు చూడు: "ఎగువ ఉన్నది మనం మావయ్యా, మనం ఎంత వదిలితే అంత పుచ్చుకోవడమే వాళ్లకున్న దారి" అని. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. లేచి వసారాలో కూర్చుంటే, బీపీ మాత్ర వేసుకున్నారా అని మీ అత్తయ్య లోపల్నుంచి అడిగింది. ఇది మాత్రకి తగ్గేది కాదన్నాను. ఢిల్లీలో ఉద్యోగం, చేరిన ఆర్నెల్లకే బంగ్లాదేశ్‌తో గంగ నీళ్ల ఒప్పందం మీద నోట్ రాయమన్నారు, పెద్ద పెద్దవాళ్ల మధ్య కూర్చుంటున్నావు. అదంతా నాకు గర్వమే, నలుగురికీ చెప్పుకున్నాను కూడా. కానీ ఆ మాట నీది కాదు, ఆ బల్లల చుట్టూ ఎక్కడో అంటించుకున్నావు. కాలవ చివరి శివారు ఊళ్లో పుట్టిన పిల్ల రాసే మాటేనా అది? మీ తాతయ్య నీళ్ల కోసం రెండు నెలలు కాలవ గట్టు మీద పడుకున్న సంగతి నీకు మళ్లీ చెప్పక్కర్లేదు.

అన్నట్టు అక్కడి గాలి బాలేదని పేపర్లో రోజూ చూస్తున్నాను. మూతికి గుడ్డ కట్టుకుంటున్నావా? చిన్నప్పటి ఆయాసం మళ్లీ రానివ్వకు తల్లీ.

గంగ మీది ఫరక్కా బ్యారేజీ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కాబట్టి పాఠం చెప్పను. అంటాను గానీ, ముప్ఫై నాలుగేళ్లు కాలవల మీద ఉద్యోగం చేసినవాడికి నోరు ఊరుకోదు. మొన్న ఆదివారం కేలండరు కాగితం వెనక్కి తిప్పి లెక్క వేసుకున్నాను. జనవరి 1 నుంచి మే 31 దాకా పదేసి రోజుల చొప్పున పంపకం. ఫరక్కాకి వచ్చే నీరు 70 వేల క్యూసెక్కులు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే చెరిసగం. 70 నుంచి 75 వేలైతే బంగ్లాదేశ్‌కి 35 వేలు, మిగిలింది మనకి. 75 దాటితే మనకి 40 వేలు, మిగిలింది వాళ్లకి. నది బాగా చిక్కిపోయే మార్చి 11 నుంచి మే 10 దాకా మాత్రం ఒక పదిరోజులు వాళ్లకి ఖాయంగా 35 వేలు, ఆ తర్వాతి పదిరోజులు మనకి ఖాయంగా 35 వేలు. చదివి నవ్వొచ్చింది బుజ్జీ. దేవెగౌడ గారూ హసీనా గారూ 1996 డిసెంబరు 12న సంతకాలు పెట్టిన కాగితం మన దాళ్వా పంట నీళ్ల వంతే! మూడు రోజులు పై ఊరు, మూడు రోజులు కింద ఊరు. కాకపోతే ఇక్కడ రెండు ఊళ్లు, అక్కడ రెండు దేశాలు.

వంతు బాగానే ఉంది. మరి ఎవరి వంతులో ఎంత పోయిందో చూసేదెవరు? నీ నోట్‌లో పదకొండు పట్టికలున్నాయన్నావు. నీటి మట్టం చూపించే గేజీ అన్న మాట ఒక్కసారైనా ఉందా?

నవ్వకు. మా పెళ్లిచూపుల్లో వాళ్ల నాన్నగారిని నేను మొదట అడిగింది వాళ్ల ఊరి లాకు దగ్గర గేజీ ఎంతుందని, అని మీ అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. అబద్ధం కాదు. మనుషులు మాటలు మారుస్తారు, గేజీ రాయి మార్చదు. మార్చేది దాన్ని చూసి రాసేవాడే. నేను మార్చాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆ ఏడు దాళ్వాకి నీటి ఎద్దడి. పై ఊళ్లో ఒక పెద్ద ఆసామి చేలకి రాత్రిపూట తూముల్లోంచి వంతుకి మించి నీళ్లు పోతున్నాయి. ఆ సంగతి లస్కర్లకి తెలుసు, నాకూ తెలుసు. లాకు దిగువ గేజీ అడుగున్నర దాటట్లేదు. రెండున్నర అని రాయమని పైనుంచి మాట వచ్చింది. ఎవరు చెప్పారో వదిలెయ్యి, చెప్పినవాడు ఇప్పుడు లేడు. ఆరు రోజులు రాశాను. చక్కని అక్షరాలతో, పక్కన పొట్టి సంతకంతో. ఏడోరోజు పొద్దున్న శివారు నుంచి ఒక ముసలాయన గట్టెమ్మట నడుచుకుంటూ వచ్చాడు. మోకాళ్ల దాకా ఎండిన బురద. కేకలేస్తాడనుకున్నాను. తలపాగా తీసి చేత్తో పట్టుకుని మెల్లగా అన్నాడు: "పుస్తకంలో నీళ్లున్నాయంటగా బాబూ. ఆ పుస్తకం ఓసారి మా చేలో పెట్టించండి."

మర్నాటి నుంచి శివారు మనుషులిద్దరు వచ్చి నా పక్కన నిలబడితేనే గేజీ చూశాను. వాళ్ల చేత నిశానీలు వేయించాను. పై ఆఫీసుకి ఒళ్లు మండింది, మూడు నెలల్లో బదిలీ అయింది. ఆ దాళ్వాకి శివారుకి నీళ్లేమీ పెరగలేదమ్మా. గొడవ తగ్గింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. లాకు దిగువ పోతున్న నీళ్లలో కొంత వాళ్ల సొంత బోదెలోనే గుర్రపుడెక్క మింగేస్తోంది. కళ్లతో చూశారు కనక ఒప్పుకున్నారు. నేను నోటితో చెప్పి ఉంటే నమ్మేవాళ్లా?

నాకు 1996 కాగితంలో నచ్చిన ముక్క అలా కలిసి చూడడమే, పంపకం లెక్క కాదు. ఫరక్కా దగ్గరా, అవతల పద్మ మీది హార్డింజ్ వంతెన దగ్గరా రెండు దేశాల మనుషులూ కలిసి రోజూ నీటిని కొలిచి రాస్తారు. ఇంకేది తీసేసినా అది మాత్రం తియ్యనివ్వకు. 2026 డిసెంబరుతో ముప్ఫై ఏళ్ల గడువు తీరుతుంది కదా, కొత్త కాగితంలో ఆ కొలతలు ఇంకా పైకి జరగాలని రాయి. ఎందుకంటే ఇప్పటి లెక్క ఫరక్కాకి ఎంత చేరిందన్న దగ్గరే మొదలవుతుంది. ఉత్తరప్రదేశ్‌లో, బీహార్‌లో ఎంత తోడేశారో అందులో రాదు. పైగా ఆ పట్టికకి పునాది 1949 నుంచి 1988 దాకా నలభై ఏళ్ల సగటు. అప్పటి గంగ వేరు. తగ్గిపోతున్నదాన్ని చెరిసగం పంచుతూ న్యాయం చేశామంటే పుస్తకంలో సరిపోతుంది. 1977 ఒప్పందంలో ఎంత కరువొచ్చినా వాళ్ల వాటాలో నూటికి 80 వంతులకి తగ్గకూడదన్న హామీ ఉండేది. 1982లో అది ఎగిరిపోయింది, 96లోనూ తిరిగి రాలేదు. నీరు 50 వేల క్యూసెక్కులకంటే కిందికి పడిపోతే వెంటనే కూర్చుని మాట్లాడుకోవాలని మాత్రం ఉంది.

ఆ మాట్లాడుకోవడం గురించే నా బెంగ. బలం అంటే సైన్యం అనుకుంటున్నావేమో. కాదు, షట్టరు తాళం ఎవరి దగ్గరుంటే బలం వాడిది. రెండోది, తొందర లేకపోవడం. బంగ్లాదేశ్ ఇంకా పాకిస్తాన్ తూర్పు భాగంగా ఉన్నప్పుడే, 1951లో, ఫరక్కా మీద మొదటి అభ్యంతరం వచ్చింది. మనం మాట్లాడుతూనే 1961లో పని మొదలెట్టాం, మాట్లాడుతూనే కట్టేశాం. 1975 ఏప్రిల్ 21న ఫీడరు కాలవలోకి నీళ్లు వదిలింది నలభై ఒక్క రోజుల పరీక్ష కోసమని. పరీక్ష మే 31తో అయిపోవాలి. మరుసటి వేసవికి ఒప్పందం లేదు, కాలవలో నీళ్లు మాత్రం ఉన్నాయి. 1976 మే 16న బంగ్లాదేశ్ నాయకుడు మౌలానా భాషానీ తొంభై దాటిన వయసులో జనాన్ని వెంటబెట్టుకుని రాజ్‌షాహీ నుంచి ఫరక్కా వైపు నడిచాడు. తలపాగా చేత్తో పట్టుకున్న ఆ ముసలాయనే గుర్తొచ్చాడు నాకు.

అలాగని అవతలివాళ్లు చెప్పేదంతా మింగేయకు. ఖుల్నా వైపు ఉప్పు పెరగడానికి గొరాయ్ నది ముఖద్వారంలో పూడికా, రొయ్యల చెరువులూ కూడా కారణమే. శివారు రైతు కూడా అప్పుడప్పుడు అబద్ధం ఆడతాడు, నాకు తెలియదా! కలకత్తా రేవుకి ఒండ్రు బాధ నిజం. మాల్దాలో బ్యారేజీ పైన ఒడ్డు కోసుకుపోయి ఇళ్లు నదిలో కలిసినవాళ్లూ మనవాళ్లే. 2016లో బీహార్ ముఖ్యమంత్రే ఆ బ్యారేజీ తీసెయ్యమన్నాడు. తమాషా ఏమిటంటే హుగ్లీకి నీళ్లు మళ్లించడానికి గంగకి అడ్డకట్ట వెయ్యమని మొట్టమొదట చెప్పినవాడు మన కాటన్ దొరేనంటారు. ధవళేశ్వరంలో ఆయనకి దణ్ణం పెట్టుకునే మనం ఫరక్కా పేరు వినగానే మొహం తిప్పుకోలేం మరి.

పులసలు వచ్చే రోజులు గుర్తున్నాయా? నువ్వు ముల్లు గుచ్చుకుని ఏడిస్తే మీ తాతయ్య అన్నం ముద్ద మింగించాడు. అదే చేప గంగలో అలహాబాదు దాకా ఎదురెక్కేదట. ఫరక్కా కట్టాక అంత పైకి రావడం మానేసింది. మీ అమ్మ ఈసారి పులుసు ముక్కలు డబ్బాలో పంపుతానంటోంది. విమానంలో రానివ్వరంటే వినదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఎగువ ఉన్నది మనం అన్నావు. ఎక్కడ? బ్రహ్మపుత్ర మీద మనం శివారు. 2017 వరదల కాలంలో చైనా నీటి మట్టాల లెక్కలు పంపలేదు. కొలిచే కేంద్రం బాగుచేస్తున్నామంది. సరిహద్దులో డోక్లాం గొడవ జరిగిన ఏడాది అది. అప్పుడు మన అధికారులు పడ్డ కంగారు పేపర్లో చదివి, గేజీ పుస్తకం లేకుండా గట్టు మీద నిలబడితే ఎలా ఉంటుందో ఇప్పటికి తెలిసొచ్చిందనుకున్నాను. 2025 జూలైలో వాళ్లు ఆ నది మీదే పెద్ద ఆనకట్ట పని మొదలెట్టారు. నువ్వు రాసిన వాక్యమే బీజింగ్‌లో ఎవరి మేనకోడలో వాళ్ల మావయ్యకి రాసి ఉంటుంది.

అందుకని నోట్ ఇచ్చే ముందు సెలవు పెట్టి ఒకసారి ఫరక్కా వెళ్లు. రైలు బ్యారేజీ మీదుగానే పోతుంది, కిటికీ పక్క సీటు చూసుకో. వీలైతే మార్చిలో అవతల హార్డింజ్ వంతెన దాకా వెళ్లి, ఇసుకలో నిలబడి చూడు. డబ్బులు కావాలంటే మీ అమ్మని అడక్కు, నేను పంపుతాను. వెంట ఎవరినైనా తీసుకెళ్లు, ఒక్కదానివీ వద్దు.

దీనితోపాటు నా పాత గేజీ పుస్తకం పోస్టులో పంపుతున్నాను. ఆఫీసుకి అప్పగించాల్సింది, అప్పగించలేదు. అట్ట ఊడిపోయింది, జాగ్రత్తగా తెరువు. పదిహేడో పేజీలో ఆ ఆరు రోజులూ ఉన్నాయి. పద్దెనిమిదో పేజీ నుంచి వేలిముద్రలు. చూశాక నీ దగ్గరే ఉంచు, మీ అమ్మకి చూపించకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య