ఆ చెట్టు పేరేంటి మాస్టారూ?

సందేహాలు - సమాధానాలు

పోయిన సంచికలో చెట్లు చూస్తూ చేసే నడకల గురించి రాసిన నాలుగు ముక్కలకు చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నింటికీ ఇక్కడ చోటు చాలదు. ఒకే ప్రశ్న నలుగురు అడిగినప్పుడు ఒకరి ఉత్తరమే తీసుకున్నాను. మిగతా ముగ్గురూ ఏమీ అనుకోకండి.

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా కాలనీలో పెద్ద చెట్లు చాలా ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే ఓ ముప్పై మందిని పోగేసి చెట్లు చూపించాలని కోరిక. కానీ నేను బోటనీ చదవలేదు. ఈ పనికి పూనుకోవచ్చా? - ఒక పాఠకుడు, మియాపూర్

నిక్షేపంగా పూనుకోండి. బోటనీ చదివిన మాతోనే అసలు చిక్కు. మేం పువ్వులో కేసరాలు లెక్కపెడుతూ ఉండగానే జనం ఇడ్లీ బండి వైపు చూస్తుంటారు.

ముప్పై మంది మాత్రం వద్దు. పన్నెండు, మహా అయితే పదిహేను. గొంతు చించుకోకుండా అందరికీ వినపడాలి, అందరి చేతికీ ఆకు అందాలి. ఒక కిలోమీటరు, ఎనిమిది పది చెట్లు, గంటన్నర. ముందురోజు అదే వేళకు ఆ దారిలో ఒక్కరే నడిచి రండి. ఎక్కడ ఎండ పడుతుందో, ఏ గేటు దగ్గర కుక్క ఉందో, ఏ చెట్టు మొదలుకు అడ్డంగా కారు పెడతారో తెలుస్తుంది.

అందరూ తమకు తెలుసనుకునే చెట్టుతో మొదలుపెట్టండి. కాలనీ గోడల వెంట స్తంభాల్లా నిటారుగా నిలబడే చెట్టును అడగండి, పదిమందిలో తొమ్మిదిమంది అశోకం అంటారు. అది నరమామిడి. సీత కూర్చున్న అశోకం వేరు. దాని కొమ్మలు అడ్డంగా విచ్చుకుంటాయి, ఎండాకాలం మొదట్లో నారింజ, ఎరుపు రంగు పూలగుత్తులు కొమ్మలకే అంటుకుని పూస్తాయి. ఈ ఒక్క మాటతో మీ బృందం మీ చేతికి చిక్కుతుంది. తర్వాత శివాలయంలో నాగలింగం చెట్టు ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. పడగ కింద లింగం ఉన్నట్టుండే ఆ పువ్వును చూసి అది మన పురాణాల కాలం నాటి చెట్టే అనుకుంటాం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మొదలంతా వేలాడే ఫిరంగి గుండ్లలాంటి కాయల కింద మాత్రం ఎవరినీ నిలబెట్టకండి.

కానుగ మీ వీధిలో ఉండే ఉంటుంది. దాని ఆకు కోయకుండా వంచి చూపించండి. చాలా ఆకుల మీద మొటిమల్లాంటి బొడిపెలు ఉంటాయి. రోగమేమో అని అడుగుతారు. కంటికి ఆనని నల్లిజాతి పురుగు ఆకును గిల్లితే, ఆకు దాని చుట్టూ కట్టిన గది అది. పురుగు లోపల కాపురం చేసుకుంటుంది, చెట్టు తన పని తాను చేసుకుంటుంది. అక్కడ పది నిమిషాలు ఆగినా ఎవరూ విసుక్కోరు. నా అనుభవంలో జనానికి గుర్తుండేది చెట్టు పేరు కాదు, ఇలాంటి బొడిపే.

ఇంకొకటి. ప్రతి చెట్టు కిందా ఎవరో ఒకరు ఉంటారు. చెప్పులు కుట్టే ఆయనో, ఇస్త్రీ బండి ఆయనో, పూలమ్మో. ముందు వాళ్లను అడగండి. ఓసారి నేను ఒక నిద్రగన్నేరు కింద నిలబడి దానికి వందేళ్లుంటాయని దర్జాగా చెప్పాను. పక్కనే పూలు కడుతున్న ముసలమ్మ తలెత్తి, "మా పెద్దోడు పుట్టిన ఏడు మా ఇంటాయన పెట్టిండు సారూ, వాడికి నలభై ఆరు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నిద్రగన్నేరు ఎంత తొందరగా లావెక్కుతుందో నాకు పాఠంగా తెలుసు. కళ్లముందు పెరిగింది మాత్రం ఆవిడకే.

గోల్కొండ దగ్గర ఏనుగులాంటి చెట్టు ఉందట. పిల్లలకు చూపించాలని ఉంది. నిజంగా నాలుగువందల ఏళ్లదేనా? - ఒక గృహిణి, మెహదీపట్నం

ఉందమ్మా. నయాఖిల్లా లోపల ఉంది. స్థానికులు హత్తియాన్ కా ఝాడ్ అంటారు. అది ఆఫ్రికా నేలకు చెందిన బావోబాబ్. వర్తకులో, ఫకీర్లో కుతుబ్‌షాహీ సుల్తానుకు కానుకగా ఇచ్చారని చెప్పుకుంటారు. వయసు నాలుగువందల పైమాటే అని అందరూ అంటారు. కానీ మాను మధ్యలో డొల్ల, లెక్కపెట్టుకోవడానికి వలయాలు మిగల్లేదు. చుట్టుకొలత 27 మీటర్లు. పిల్లలు చేతులు పట్టుకుని చుట్టూ నిలబడాలంటే పాతికమంది దాకా కావాలి. లెక్క చెప్పకండి, వాళ్లనే ఊహించమనండి.

చూడాల్సింది లావు ఒక్కటే కాదు. బెరడు ఏనుగు తోలులాగే బూడిదరంగులో ముడతలు ముడతలుగా ఉంటుంది. లోపలి కర్ర మెత్తన, అందులో నీళ్లు దాచుకుంటుంది. అందుకే ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చేసి, వేళ్లు పైకి పెట్టి తలకిందులుగా పాతినట్టు నిలబడగలదు. వానలప్పుడు వెళితే అయిదు వేళ్ల అరచేయిలాంటి ఆకులు కనిపిస్తాయి. తెల్లటి పెద్ద పువ్వు సాయంత్రం విచ్చుకుని మర్నాటికి వాడిపోతుంది. రాత్రిపూట వచ్చే గబ్బిలాల కోసమే ఆ ఏర్పాటు.

నయాఖిల్లాలోకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లనివ్వరు. ముందే కనుక్కుని బయల్దేరండి. డొల్లలోకి దూరి ఫొటోలు దిగడం, గోళ్లతో పేర్లు గీకడం చేయనివ్వకండి.

హైదరాబాద్‌లోనే ఇంకో చెట్టు కూడా చూపించండి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూటయాభై మంది దాకా దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. పిల్లలు తాగిన నీళ్లకూ ఆ చింతకొమ్మకూ చుట్టరికం ఉందని అక్కడే నిలబడి చెప్పండి. ఆసుపత్రి కనుక గుంపుగా వద్దు, ఇంట్లోవాళ్లు మాత్రమే వెళ్లండి.

మా అబ్బాయి ఆరో తరగతి. స్కూల్లో పాతిక రకాల ఆకులు కోసి అట్టకు అతికించి తెమ్మన్నారు. చివరకు నేనే కోయాల్సి వచ్చింది. దీనివల్ల పిల్లలకు ఏమైనా వస్తుందా? - ఒక తల్లి, హనుమకొండ

మీకు నడుం నొప్పి వస్తుంది. పిల్లవాడికి జిగురు అంటించడం వస్తుంది.

దానికి బదులు ఒక పని చేయండి. వినాయక చవితికి వారం ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని పత్రి వెతకడానికి వెళ్లండి. ఇరవై ఒక్క పత్రాలు అంటే మన పెద్దలు పెట్టిన తయారు సిలబస్. గరిక, ఉత్తరేణి, వాకుడు, వావిలి, ఉమ్మెత్త, జిల్లేడు, జమ్మి, రావి, మద్ది, రేగు... సగం ఏ ఖాళీ స్థలంలోనైనా దొరుకుతాయి. ఉత్తరేణి పక్కనుంచి నడిస్తే గింజలు లాగూకు గుచ్చుకుని ఇంటిదాకా వస్తాయి. ఎందుకు గుచ్చుకున్నాయని పిల్లవాడు అడిగాడంటే విత్తనాల వ్యాప్తి పాఠం అయిపోయినట్టే. వావిలాకు నలిపి వాసన చూపిస్తే మర్చిపోడు. ఒక్కో మొక్క నుంచి ఒక్క ఆకు చాలు, చెట్టు విరిచి తేవక్కర్లేదు. మాచిపత్రి, దేవదారు బజార్లోనే కొనుక్కోవాలి, అదీ ఒక పాఠమే.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఈ మూడూ విషం. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ, ఏది మింగినా గుండెను పట్టేస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆ మూడూ పెద్దవాళ్లే కోయాలి, వెంటనే చేతులు కడుక్కోవాలి. పూజ అయ్యాక ఆ పత్రిని మేకలకు వేయకండి.

మీ వైపు బతుకమ్మ ఉండనే ఉంది. తంగేడు, గునుగు ఎక్కడ పూస్తున్నాయో పిల్లలే వెతికి పటం గీస్తే, మరుసటి ఏడు ఆ చోటు ప్లాట్లయిపోయిందో లేదో వాళ్లకే తెలుస్తుంది.

మిద్దెతోట క్లాసంటే రెండువేలు కట్టి వెళ్లాను. నాలుగు గంటలు తెరమీద బొమ్మలు చూపించి, చివర్లో ఎరువు ప్యాకెట్లు అమ్మారు. మంచి క్లాసును ముందే ఎలా పోల్చుకోవాలి? - ఒక పాఠకురాలు, విజయవాడ

ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "పాత బట్టలు కట్టుకుని రమ్మంటారా?" రమ్మంటే మంచి క్లాసు. చేతికి మట్టి అంటకుండా మొక్కల పని నేర్పినవాళ్లను నేను చూడలేదు.

రెండువేలకు మీరు నేర్చుకోవాల్సింది ఒక గాలి అంటు అనుకోండి. వానలు మొదలయ్యాక జామలోనో దానిమ్మలోనో పెన్సిలంత లావున్న కొమ్మ చూసుకోవాలి. అంగుళం మేర బెరడును ఉంగరంలా చుట్టూ తీసేయాలి. తీశాక జారుడుగా ఒక పొర తగులుతుంది, దాన్ని కత్తి వెనకవైపుతో గీకి తుడిచేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఆ పొర మిగిలితే బెరడు మళ్లీ కలిసిపోతుంది, వేరు రాదు. తర్వాత నానబెట్టి పిండిన నాచు గుప్పెడు చుట్టి, పైన పాలిథిన్ కాగితం బిగించి, రెండు చివర్లా గాలి చొరకుండా కట్టాలి. నెలన్నర, రెండు నెలల్లో కాగితంలోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు కట్టు కింద కోసి కుండీలో పెట్టి నీడన ఉంచాలి. మీ చేత్తో రెండు కట్టించి, ఇంటికెళ్లి ఇంకో రెండు కట్టమని పంపినవాడే గురువు.

వీలైతే ఒకసారి రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక వెళ్లండి. అక్కడ నర్సరీల్లో అంట్లు కట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తూ అరగంట నిలబడితే చాలు. మాటలు పెట్టకండి. వాళ్లకు లెక్కమీద కూలి. పని ఆపితే నష్టం వాళ్లకే. భోజనాల వేళ అడిగితే ఓపిగ్గా చెబుతారు. నాలుగు మొక్కలు కొనడం మర్యాద.

ఎనిమిదో తరగతి పిల్లల్ని తొట్లకొండ తీసుకెళ్లాలనుకుంటున్నాం. రాళ్లు చూసి విసుక్కుంటారేమో! - ఒక ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

స్తూపంతో మొదలుపెడితే విసుక్కుంటారు. తొట్లతో మొదలుపెట్టండి. రాతిని తొలిచి వాననీరు పట్టుకున్న తొట్లు ఉన్నందుకే ఆ పేరు. పక్కనే ఉన్న బావికొండకూ బావుల వల్లే. కొండ నెత్తిన ఇంతమంది భిక్షువులు నీళ్లెలా తాగారని అడిగి వదిలేయండి, తొట్లు వాళ్లే వెతుక్కుంటారు. తర్వాత సముద్రం వైపు తిప్పి, ఇక్కడే ఎందుకు కట్టారో అడగండి. ఓడలు, వర్తకులు, దానాలు అన్నీ వాళ్ల నోటి నుంచే వస్తాయి. ఈ చోటు బయటపడింది 1976లో నౌకాదళం విమానం పైనుంచి చేసిన సర్వేలో అని అప్పుడు చెప్పండి.

తొమ్మిదిలోపు కొండ దిగిపోండి. రాతి మీద ఎండ చురుక్కుమంటుంది. అటునుంచి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూపించొచ్చు. గండ్ల అంచులకు మాత్రం వెళ్లనివ్వకండి, అది గట్టి నేల కాదు, ఇసుకే.

డిసెంబరులో పిల్లలతో హైదరాబాద్ వస్తున్నాం. మాల్స్ కాకుండా ఏం చూపించాలి? - ఒక జంట, డాలస్

మూడు చాలు. ఒకటి, కుతుబ్‌షాహీ సమాధులు. అక్కడి మెట్లబావుల దగ్గర ఎక్కువసేపు ఉండండి. పాడుపడిన వాటిని పూడిక తీసి బాగుచేసిన పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. రెండు, బొల్లారంలో రాష్ట్రపతి నిలయం. 2023 నుంచి ఏడాది పొడవునా జనాన్ని రానిస్తున్నారు. మూలికల తోట, నక్షత్ర వనం బాగుంటాయి, పిల్లలు తమ జన్మనక్షత్రం చెట్టు వెతుక్కోవచ్చు. కానీ మీరొచ్చే డిసెంబరులోనే రాష్ట్రపతి విడిదికి వస్తుంటారు, అప్పుడు మూసేస్తారు. టికెట్లు తీసుకునే ముందు తేదీలు చూసుకోండి. మూడు, రాళ్లు. రెండువందల యాభై కోట్ల ఏళ్ల గ్రానైటు గుట్టలు ఇంకా అక్కడక్కడ మిగిలాయి. వాటిని కాపాడటానికి 1996లో పుట్టిన సంఘం ఒకటి జనాన్ని రాళ్ల దగ్గరికి నడిపించి చూపిస్తోంది. మీ తేదీలకు కుదిరితే కలవండి.

ఫోన్‌తో ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌లను నమ్మొచ్చా? - ఒక విద్యార్థి, కర్నూలు

పక్కింటి అబ్బాయి చెప్పినంత మటుకు నమ్ము. పువ్వూ కాయా ఉంటే దాదాపు సరిగ్గానే చెబుతుంది, ఉత్త ఆకైతే తడబడుతుంది. దాని మాట మీద ఏ ఆకూ నోట్లో పెట్టుకోకు.

చిన్నప్పుడు పిల్లలమర్రి కొమ్మల మీద కూర్చుని అన్నాలు తిన్నాం. ఇప్పుడు మా మనవళ్లను దూరం నుంచే చూడమంటున్నారు. ఇదేం న్యాయం? - ఒక పెద్దాయన, మహబూబ్‌నగర్

అయ్యా, మీరూ నేనూ కూర్చున్నందుకే. మీరన్న ఆ కొమ్మల మీద నేనూ మా కాలేజీ పిల్లలతో కూర్చున్నాను. మూడెకరాలు కమ్మిన మాను కదా, మనం నలుగురం కూర్చుంటే ఏమవుతుందనుకున్నాం. అందరూ అలాగే అనుకున్నారు. ఊడలు నేలకు దిగే చోట తొక్కి తొక్కి మట్టి గట్టిపడింది, బెరడు మీద పేర్లు చెక్కారు, చెదలు లోపలికి పోయాయి. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది. మరుసటి ఏడు ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందును చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. విరిగే కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఊతం పెట్టారు.

కొత్త ఊడలకు గొట్టాలు తొడిగి నేలదాకా దింపారు. మీ మనవళ్లను ఆ గొట్టాల దగ్గరికి తీసుకెళ్లండి. లోపల దిగుతున్న ఊడ మీ రోజుల్లో లేదు. అది వాళ్ల వయసుది.