రక్తపరీక్ష బాగుందని మాత్ర ఆపొద్దు

ప్రశ్న: మా బాపుకు దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా. ఏడాదిగా ఇమాటినిబ్ వాడుతున్నాడు. రక్తపరీక్ష మామూలుగానే వచ్చింది. పిక్కలు పట్టేస్తున్నాయని మాత్ర మానేస్తానంటున్నాడు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మాననివ్వకండి. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైతే ఎముక మూలుగలో తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఇమాటినిబ్ వాటిని కట్టడి చేస్తుంది. రక్తకణాల లెక్క సరిపోయినా జబ్బు మూలుగలో మిగిలే ఉండొచ్చు.

భోజనమయ్యాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో, రోజూ ఒకే వేళకు వేయించండి. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేయొద్దు. పిక్కలు పట్టడం ఈ మందుతో తరచూ ఉండేదే, డాక్టరుకు చెబితే తగ్గించే మార్గం చూస్తారు. నొప్పి మాత్రలు, పసరు మందులు సొంతంగా వద్దు. జబ్బు ఎంత మిగిలిందో తెలిపే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష డాక్టరు చెప్పిన గడువుకు తప్పనిసరి.

ఖర్చుకు భయపడొద్దు. 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్ (ఇమాటినిబ్ బ్రాండు పేరు) పేటెంటును తిరస్కరించింది. చవకైన జెనరిక్ మాత్రలు దొరుకుతున్నాయి.

జ్వరం, రక్తస్రావం, ఆయాసం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ రోజే దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు మార్చాల్సి వస్తే హైదరాబాద్‌లోని నిమ్స్, ఎంఎన్‌జే ఆస్పత్రుల నిపుణులను కలవండి.