అన్నప్రాశన పళ్లెంలో పెట్టనివి

అన్నప్రాశన రోజు బిడ్డ ముందు పుస్తకం, పెన్ను, బంగారం, పూలు పెట్టి, పాక్కుంటూ పోయి దేన్ని పట్టుకుంటాడా అని ఇంటిల్లిపాదీ చూడటం మనకు అలవాటే. పెన్ను పట్టుకుంటే చదువు, బంగారం పట్టుకుంటే సంపద. ఈ మధ్య కొన్ని ఇళ్లల్లో స్టెతస్కోపు కూడా పెడుతున్నారు. (మేనమామ ఎవరో పెన్నును కాస్త ముందుకు జరుపుతాడు. దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.)

వేడుకగా ఉన్నంతసేపు ఇందులో తప్పు లేదు. స్వామి ఈ బిడ్డకు ఏదో ఇచ్చి పంపాడన్న నమ్మకం దాని వెనకుంది, మంచి నమ్మకమే. చిక్కంతా తర్వాత వస్తుంది. ఏమిచ్చాడో నిదానంగా కనిపెట్టాల్సిన వాళ్లం, ఎందుకు పంపాడో మనమే తేల్చేస్తాం.

అలా పెద్దలు తేల్చేసిన ఒక బిడ్డ కథ చెబుతాను. పాకాల జంక్షన్‌లో ధర్మవరం వైపు బండెక్కి పీలేరు దాటిపోతే మదనపల్లె రోడ్డు స్టేషన్ వస్తుంది. ఆ మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. తల్లి సంజీవమ్మ పట్టుబట్టి పూజగదిలోనే ప్రసవించిందట. ఎనిమిదో బిడ్డ కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. మహానుభావుడవుతాడని జ్యోతిష్కుడు చెప్పాడు. బడిలో అయ్యవార్లు మాత్రం మందబుద్ధి కింద జమకట్టి బెత్తంతో కొట్టేవాళ్లు. ఆ పిల్లవాడే ఒకసారి నాయన గడియారాన్ని ముక్కలుగా విప్పేసి, తిరిగి బిగించేదాకా బడికి పోలేదు, అన్నానికి లేవలేదు. పలకా బలపమూ పేద పిల్లలకిచ్చేసి ఉత్త చేతులతో ఇంటికొచ్చేవాడు. మేరీ లట్యెన్స్ రాసిన జీవితచరిత్రలో ఈ సంగతులన్నీ ఉన్నాయి. నా మటుకు నాకు, ఆ బిడ్డ గురించి జాతకం కన్నా ఆ గడియారమూ ఆ పలకా ఎక్కువ చెబుతాయి.

1909లో మద్రాసు అడయారు తీరంలో, దివ్యజ్ఞాన సమాజం (థియసాఫికల్ సొసైటీ) పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంట పడ్డాడు. రాబోయే జగద్గురువు ఇతడేనని ఆ సమాజం పెద్దలు నమ్మారు. 1911లో అతనికోసం ఒక సంఘమే పెట్టారు. 1929లో హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది సభ్యులున్న ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేసేశారు. పెద్దలు నెత్తిన పెట్టిన పనిని దించుకోవడానికి ఆయనంతటి వాడికే ఇరవై ఏళ్లు పట్టింది. మన పిల్లల్లో చాలామంది దించుకోనే లేరు. ఇష్టం లేని చదువు పూర్తిచేసి, పట్టా తెచ్చి మన చేతిలో పెట్టి, లోపల్లోపల ముడుచుకుపోతారు.

మరి దేవుడు తమకేమిచ్చాడో ఐదారేళ్ల పిల్లలకు ఏమని చెప్పాలి? చెప్పడం కన్నా ముందు చూడటం ఉంది. ఏ పనిలో ఆకలి మరిచిపోతున్నారో చూడండి. మామిడికాయల కాలంలో దామలచెరువు మండీకి వెంటబెట్టుకుని పోండి. ఒకడు వాసన పట్టి ఇది బేనీషా, ఇది తోతాపురి అంటాడు. ఇంకొకడు గంపలు లెక్కపెడతా ఉంటాడు. ఒక పాప మాత్రం, ‘నాయనా, బరువు మోసే తాతకు దప్పికేమో’ అంటుంది. ఆ మూడోది మార్కుల కార్డుకెక్కదు కాబట్టి మనం దాన్ని ప్రతిభ అనుకోం. పొగడాల్సి వస్తే నేను ముందు ఆ పాపనే పొగుడుతాను.

పొగడటంలోనూ ఒక జాగ్రత్త కావాలి. ‘నువ్వు పెద్ద ఆర్టిస్టువమ్మా’ అంటే రేపటినుంచి పిల్ల ఆ పేరు నిలబెట్టుకోవడానికి బొమ్మలేస్తుంది. ‘ఆవు చెవులు ఎంత బాగా చూసినావమ్మా, ఆ చూపు నీకు స్వామి ఇచ్చినాడు’ అంటే మళ్లీ ఆవు దగ్గరికే పోతుంది. ఇచ్చినవాడు ఒకడున్నాడని తెలిస్తే గర్వం తగ్గుతుంది. ఇచ్చింది పదిమందికీ పంచాలని కూడా అప్పుడే చెప్పొచ్చు, ఉపన్యాసం అక్కర్లేదు: ‘అవ్వకు ఒక బొమ్మ వేసివ్వు.’ చుట్టాలొచ్చినప్పుడు నిలబెట్టి పాడించడం మాత్రం మానేద్దాం.

దైవం అప్పగించిన పని అంటే ఎక్కడో దూరాన, పేరు మోగేచోట ఉంటుందని పిల్లలు అనుకుంటారు. వాళ్లకు మధురాంతకం రాజారాం గారి గురించి చెప్పండి. 1930లో మొగరాలలో పుట్టి, దామలచెరువులో బడిపంతులుగా ఉంటూ, ఈ చుట్టుపక్కల రైతుల్నీ పంతుళ్లనీ చూస్తూ వందల కథలు రాశారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కొడుకు నరేంద్ర కూడా రచయితే అయ్యారు, ఆయనకూ 2022లో అదే పురస్కారం దక్కింది. పురస్కారం మాట పిల్లలకు అవసరం లేదు. పొద్దున పాఠం చెప్పిన మనిషే కథలూ రాశాడని, ఒకటి చేయడానికి రెండోది వదులుకోలేదని తెలిస్తే చాలు.

పిల్లల ఇష్టాలు మారుతుంటాయి. నిరుడు మృదంగం కావాలని ఏడ్చినవాడు ఈ యేడు దాన్ని ముట్టడు. డబ్బు దండగైందని దెప్పకండి.

ఏదో ఒకరోజు చిన్నోడు అడుగుతాడు: ‘అక్కకు పాట ఇచ్చినాడు కదా, నాకేమిచ్చినాడు?’ కంగారుపడి అప్పటికప్పుడు ఏదో ఒకటి అంటగట్టకండి, పిల్లలు పసిగడతారు. ‘నాకింకా తెలీలేదు నాయనా, ఇద్దరం కలిసి చూద్దాం’ అనండి. ఆ వారమంతా వాణ్ని వెంటేసుకుని చేనికీ సంతకూ స్టేషనుకూ తిరగండి. ట్యూషన్‌కు రెండు రోజులు పోకపోయినా ఏమీ కాదు.